కోర్టు కొట్టేసిన చట్టం: శాసనసభ్యులకు, ఎంపీలకు ఒక ప్లీడరు గుమాస్తా బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభ్యులకు, పార్లమెంటు సభ్యులకు నమస్కారాలు.

నేను లాయర్ని కాను. నలభై ఏళ్లు ప్లీడరు గుమాస్తాగా పనిచేసి ఇంట్లో కూర్చున్నవాణ్ని. పొద్దున్నే కాజ్ లిస్టు చూసి మా సీనియర్ గారి కేసులు ఏ కోర్టులో ఎన్నో నంబరో రాసి పెట్టడం, బండిళ్లు కట్టడం, వకాలత్ మీద సంతకాలు తీసుకోవడం, సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ వేసి అది చేతికొచ్చేదాకా సెక్షన్ చుట్టూ తిరగడం, ఇదీ నా చదువు. కాబట్టి పెద్దపెద్ద సిద్ధాంతాలు చెప్పను. చూసింది, మోసిన కాగితాల్లో చదివింది చెబుతాను.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఈ మధ్య మీ నోట ఒక మాట తరచుగా వింటున్నాను. "ప్రజలు ఎన్నుకున్న సభ పెద్దదా, నలుగురు జడ్జీలు పెద్దవాళ్లా?" అని. ఇది ఏ ఒక్క పార్టీ మాటా కాదు. అధికారంలో ఉన్నవాళ్లందరూ ఈ మాటే అంటారు. అదే నోటితో ప్రతిపక్షంలోకి వెళ్లాక "న్యాయస్థానాల మీద మాకు పూర్తి నమ్మకం ఉంది" అంటారు. ఆ మాట వెనకే ఇంకో మాట వస్తోంది: రాజ్యాంగ విరుద్ధమని హైకోర్టు కొట్టేసిన చట్టాన్ని మళ్లీ ఓటేసి నిలబెట్టుకునే అధికారం సభకు ఉండాలట. దాని మీదే ఈ ఉత్తరం.

ఆ అధికారం ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు ఎవరూ ఊహించి చెప్పక్కర్లేదు. పదేళ్ల పాటు మన దగ్గర దాని చిన్న తమ్ముడు తిరిగాడు. రాజ్యాంగంలో 371-డి అధికరణం, 5వ క్లాజు. నేను గుమాస్తాగా చేరిన కొత్తలో అది అమల్లోనే ఉంది.

ఉద్యోగుల సర్వీసు కేసులు హైకోర్టు నుంచి తీసేసి అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్‌కి ఇచ్చారు. సరే, కేసులు త్వరగా తేలతాయన్నారు. కానీ ట్రిబ్యునల్ ఇచ్చిన తుది ఆర్డరు వెంటనే అమల్లోకి రాదు. ప్రభుత్వం దాన్ని ఖరారు చేయాలి, లేదా మూడు నెలలు గడవాలి. ఏది ముందైతే అది. ఈ మూడు నెలల్లోపు ప్రభుత్వం కారణాలు రాసి, ఒక ప్రత్యేక ఉత్తర్వుతో ట్రిబ్యునల్ ఆర్డర్ని మార్చొచ్చు, రద్దు కూడా చేయొచ్చు. ట్రిబ్యునల్లో ప్రతివాది ఎవరు? ప్రభుత్వమే. ఓడిపోయినవాడి చేతికే తీర్పు కాగితం ఇచ్చి, నచ్చకపోతే చించెయ్యవయ్యా అన్నట్టు.

మా ఆఫీసుకి ఒక అటెండరు వచ్చేవాడు. ఏ శాఖో చెప్పను. సీనియారిటీ లిస్టులో అతని పేరు కిందికి దింపారు, ప్రమోషన్ పోయింది. కేసు గెలిచాడు. ఆర్డరు చెప్పిన సాయంత్రం స్వీట్ల పొట్లంతో వస్తే మా సీనియర్ గారు దాన్ని ముట్టుకోలేదు. "మూడు నెలలు ఆగు నాయనా, తర్వాత తిందాం" అన్నారు. నాకు అర్థం కాలేదు. గెలిచిన కేసుకి ఈ టెన్షన్ ఏమిటనుకున్నాను. ఆ అటెండరు మా గోడ మీద క్యాలెండర్లో తేదీలు కొట్టేసుకుంటూ రోజులు లెక్కపెట్టాడు. గడువుకి ఇంకా పది రోజులుందనగా కవరు వచ్చింది. ట్రిబ్యునల్ ఆర్డరు రద్దు. సీనియర్ గారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ప్రభుత్వం పైకి అప్పీలుకు పోయి గెలిచి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు" అన్నారు. ఆ ఒక్క వాక్యం నాకు లా కాలేజీతో సమానం.

1986 డిసెంబరులో సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ 5వ క్లాజును కొట్టేసింది. కేసులో ఒక పక్షంగా ఉన్న ప్రభుత్వమే ఆ కేసు తీర్పును రద్దు చేయగలిగితే ఇక చట్టబద్ధ పాలన అన్న మాటకు అర్థమే లేదన్నది దాని సారాంశం. ఇక్కడ ఒక సంగతి గమనించండి. కొట్టేసింది మామూలు చట్టాన్ని కాదు. పార్లమెంటు మూడింట రెండొంతుల మెజారిటీతో రాజ్యాంగంలోకి ఎక్కించిన క్లాజుని.

ఆ క్లాజు ఎలా ఎక్కిందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ కథలో సభల తప్పే కాదు, సభల గొప్పదనం కూడా ఉంది. స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనల గొడవ మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. నివాసం షరతుతో తెలంగాణ ఉద్యోగాలను కాపాడే 1957 నాటి చట్టంలోని ముఖ్యమైన సెక్షన్ని 1969 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. నిజాం కాలపు ముల్కీ నిబంధనలు ఇప్పుడు అమల్లో లేవని 1972 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 3న సుప్రీంకోర్టు దాన్ని తిరగేసి, నిబంధనలు చెల్లుతాయంది. ఒక తీర్పుకి ఒక ప్రాంతం రగిలింది, ఇంకో తీర్పుకి ఇంకో ప్రాంతం. జై ఆంధ్ర ఉద్యమం, ముఖ్యమంత్రి రాజీనామా, రాష్ట్రపతి పాలన. కోర్టు కాగితం మీద తేల్చగలిగింది తేల్చింది, జనం మధ్య తేల్చలేకపోయింది. చివరికి తేల్చింది రాజకీయ నాయకులే: 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం, దాని వెనక 32వ రాజ్యాంగ సవరణ, 371-డి. జోన్లు, లోకల్, నాన్‌లోకల్ అన్న మాటలన్నీ అక్కణ్నుంచి వచ్చినవే.

అందుకే కోర్టు చెప్పిందే వేదమని నేను అనడం లేదు. తీర్పు సమాజానికి సరిపోనప్పుడు అందర్నీ కూర్చోబెట్టి, ఒప్పించి, రాజ్యాంగాన్నే సవరించిన సభలు మనకున్నాయి. కానీ అదే సవరణలో, అదే కాగితంలో, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక మూల 5వ క్లాజు కూడా దూరింది. పెళ్లి సందట్లో ఎవరిదో చెప్పులు వేసుకుపోయినట్టు. ఇలాంటివి పండగ రోజే జరుగుతాయి.

మీకు ఉన్న అధికారమేమిటో చెబుతాను, మీకు తెలియదని కాదు, ఓటర్లకు చెప్పేటప్పుడు మీరు సగమే చెబుతున్నారు కాబట్టి. కోర్టు ఒక చట్టాన్ని కొట్టేసిందంటే దానికో కారణం చెబుతుంది. ఆ కారణాన్ని తీసేసే హక్కు సభకు ఉంది. 1969లో పృథ్వీ కాటన్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీత గీసింది. పరిస్థితిని ఎంతగా మార్చాలంటే, ఇప్పుడు అదే కేసు మళ్లీ వస్తే పాత తీర్పు ఇవ్వడానికే వీలు లేనంతగా. పన్ను వసూలుకి అధికారమిచ్చే సెక్షన్ లేదని కొట్టేస్తే సెక్షన్ రాయండి. విచారణ జరపలేదని కొట్టేస్తే విచారణ జరపండి. అది రిపేరు. "ఈ తీర్పు మాకు వర్తించదు" అని చట్టంలో రాస్తే అది రిపేరు కాదు, తీర్పు మీద తీర్పు. ఆ పని సభది కాదు.

కేరళలో ఉండి తమిళనాడుకు నీళ్లిచ్చే ముల్లపెరియార్ డ్యామ్ చూడండి. డ్యామ్‌లో నీటిమట్టం 142 అడుగుల దాకా పెంచుకోవచ్చని 2006 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు చెప్పింది. నెల తిరక్కముందే కేరళ అసెంబ్లీ తన చట్టాన్ని సవరించి 136 అడుగులు దాటకూడదని రాసేసింది. డ్యామ్ భద్రత గురించి కేరళ జనానికి ఉన్న భయం నిజమైనదే, నేను కాదనను. కానీ కొత్త అధ్యయనమేదీ లేకుండా, కోర్టు లెక్క తీసేసి సభ లెక్క పెట్టారు. 2014 మే 7న అయిదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఎనిమిదేళ్లు పోయాయి, అంకె మళ్లీ 142కే వచ్చింది.

ఎల్‌ఐసీ ఉద్యోగుల కేసు నాకు ఇంకా ఇష్టం, ఎందుకంటే అందులో గుమాస్తాలకు అర్థమయ్యే కిటుకుంది. మూడు, నాలుగు తరగతుల ఉద్యోగులకు బోనస్ ఇస్తామని 1974లో ఒప్పందం అయింది. తర్వాత ఇవ్వబోమన్నారు. కలకత్తా హైకోర్టు 1976 మేలో ఇవ్వాల్సిందే అంది. అదే నెలలో పార్లమెంటు ఒప్పందాన్నే మార్చేస్తూ చట్టం చేసింది. ఇంకేం, పనైపోయిందనుకుని కార్పొరేషన్ తన అప్పీలును వెనక్కి తీసుకుంది. అంటే హైకోర్టు తీర్పు ఫైనల్ అయిపోయింది! 1978లో ఏడుగురు జడ్జీల బెంచి ఉద్యోగుల పక్షాన చెప్పింది. ఆ ఏడుగురిలో కొందరు చట్టం మంచీచెడ్డా జోలికి పోకుండానే, తీర్పు అలాగే నిలిచి ఉంది కాబట్టి బోనస్ కట్టు అన్నారు. అప్పీలు మెమో విత్‌డ్రా చేసేముందు గుమాస్తాని ఒక మాట అడిగి ఉంటే బాగుండేది.

ఇప్పుడు కాస్త చేదు కథ. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ప్రధాని ఇందిరా గాంధీ ఎన్నిక చెల్లదంది. ఆగస్టు 11న సుప్రీంకోర్టులో అప్పీలు విచారణ. సరిగ్గా ముందు రోజు, ఆగస్టు 10న, 39వ సవరణ అమల్లోకి వచ్చింది. ప్రధాని ఎన్నిక మీద కోర్టులకు అధికారం లేదు, ఇప్పటికే ఇచ్చిన తీర్పు చెల్లదు అని రాజ్యాంగంలోనే రాశారు. ప్రతిపక్ష ఎంపీలు పలువురు జైళ్లలో ఉండగా పాసైన సవరణ అది. నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ ముక్కను కొట్టేసింది. కానీ ప్రధాని ఎన్నిక మాత్రం నిలబడింది, ఎందుకంటే ఎన్నికల చట్టాన్నే వెనకటి తేదీ నుంచి వర్తించేలా వేరేగా మార్చేశారు. అంటే నేను ఇందాక చెప్పిన "కారణం తీసేసే" పద్ధతినే వాడి, ఒక్క మనిషి కోసం చట్టాన్ని కుట్టారు. ఈ పద్ధతిలోనూ దొంగదారి ఉందని ఒప్పుకోకపోతే నేను నిజాయితీగా రాసినట్టు కాదు.

ఆ మరుసటి ఏడాది 42వ సవరణ. మీరు అడుగుతున్న అధికారానికి బాగా దగ్గరగా వచ్చింది అదే. కేంద్ర చట్టం రాజ్యాంగబద్ధమా కాదా అన్నది హైకోర్టు రిట్‌లో చూడనే కూడదని 226-ఏ అని ఒకటి పెట్టారు. మారుమూల రైతైనా సరే, కేంద్ర చట్టం మీద రాజ్యాంగపరమైన అభ్యంతరం ఉంటే ఢిల్లీ పోవాల్సిందే. రాష్ట్ర చట్టానికి 228-ఏ. కనీసం అయిదుగురు జడ్జీలు కూర్చోవాలి, అందులో మూడింట రెండొంతుల మంది చెల్లదంటేనే చెల్లదు. కాగితం మీద వేసి చూడండి. అయిదుగురిలో ముగ్గురు ఈ చట్టం రాజ్యాంగానికి విరుద్ధం అన్నారు, ఇద్దరు కాదన్నారు. అయిదుకి మూడింట రెండొంతులంటే మూడు పాయింట్ మూడు, అంటే నలుగురు కావాలి. ముగ్గురు సరిపోరు. మెజారిటీ జడ్జీలు చెల్లదని సంతకం పెట్టిన చట్టం మర్నాడు యథాతథంగా అమలవుతుంది! అయిదుగురు జడ్జీలు లేని చిన్న హైకోర్టులైతే ఉన్నవాళ్లందరూ ఏకగ్రీవంగా చెల్లదనాలి. ఏ ఊళ్లో ఏ పంచాయితీలోనైనా ముగ్గురి మాట ఓడి ఇద్దరి మాట నెగ్గడం చూశారా?

దాన్ని తీసేసింది కోర్టు కాదు. మీలాంటి సభ్యులే. 43వ సవరణతో, 1978 ఏప్రిల్‌లో, ఈ రెండు అధికరణాలూ పోయాయి. ఎమర్జెన్సీ రుచి చూసి వచ్చినవాళ్లకు హైకోర్టు విలువేమిటో ఎవరూ పాఠం చెప్పక్కర్లేకపోయింది.

ఇక తొమ్మిదో షెడ్యూల్. ఈమధ్య ప్రతి వేదిక మీదా దీని పేరు వినిపిస్తోంది కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. 1951లో పట్నా హైకోర్టు బీహార్ భూసంస్కరణల చట్టాన్ని కొట్టేసింది. జమీందారీ పోవాలంటే దారి కావాలి. అందుకే మొదటి సవరణతో 13 చట్టాలను తొమ్మిదో షెడ్యూల్లో పెట్టి, ప్రాథమిక హక్కుల పేరుతో వాటిని కొట్టేయడానికి వీల్లేదన్నారు. మద్రాసులో కాలేజీ సీట్లను కులమతాల వారీగా పంచిన కమ్యూనల్ జీవోను హైకోర్టు, సుప్రీంకోర్టు కొట్టేస్తే, వెనకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చన్న 15(4) వచ్చింది కూడా ఆ సవరణతోనే. ఈ రెండూ చేయకపోయి ఉంటే ఎంతమందికి భూమి, చదువు దక్కేవి కావో మనకు తెలుసు. మన ఉమ్మడి రాష్ట్రపు 1973 నాటి భూగరిష్ఠ పరిమితి చట్టం కూడా తర్వాత అందులోకి చేరింది. సంతోషమే.

కానీ బీరువా తలుపు ఒకసారి తెరిచాక లోపల ఏం పెడుతున్నారో ఎవరూ చూడరు. 13 కాస్తా 284 అయ్యాయి. ఎమర్జెన్సీలో వేలమందిని విచారణ లేకుండా జైల్లో పెట్టిన మీసా చట్టాన్ని కూడా ఈ భూసంస్కరణల బీరువాలోనే దాచారు. పత్రికల నోరు నొక్కిన అభ్యంతరకర ప్రచురణల నిరోధక చట్టాన్నీ అక్కడే. 44వ సవరణతో వాటిని బయటపడేశారు. రైతుకి భూమి ఇవ్వడానికి చేసిన తాళం, జర్నలిస్టుని లోపలేసి తలుపు బిగించడానికి పనికొచ్చింది.

2007 జనవరి 11న కొయెల్హో కేసులో తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పింది మీ సభల్లో ఎవరైనా పూర్తిగా చదివి వినిపించారా? 1973 ఏప్రిల్ 24, అంటే కేశవానంద భారతి తీర్పు వచ్చిన తేదీ తర్వాత ఆ షెడ్యూల్లో చేరిన ఏ చట్టాన్నైనా పార్లమెంటు కూడా సవరణతో చెరపలేని రాజ్యాంగ మౌలిక స్వరూపం గీటురాయి మీద పరీక్షించవచ్చన్నారు. అంటే ఆ బీరువాకి తాళం లేదు. తెలంగాణ అసెంబ్లీ 2025 మార్చిలో బీసీలకు 42 శాతం రిజర్వేషన్ బిల్లులు పాస్ చేసింది. సెప్టెంబరులో స్థానిక సంస్థల కోసం జీవో 9 వచ్చింది, అక్టోబరు 9న హైకోర్టు స్టే ఇచ్చింది. ఆ వెంటనే మళ్లీ అదే మాట: తొమ్మిదో షెడ్యూల్లో పెడితే అయిపోతుంది. అయిపోదు. జనాభాలో అంతమంది ఉన్న బీసీలకు పంచాయతీల్లో వాటా కావాలన్న కోరిక న్యాయమైనదే, నాకు ఆ విషయంలో ఏ సందేహమూ లేదు. ఆ కోరిక నిలబడాలంటే కమిషన్, స్థానిక సంస్థల వారీగా లెక్కలు, మొత్తం రిజర్వేషన్లు యాభై శాతం దాటకూడదన్న పరిమితి మీద సుప్రీంకోర్టును ఒప్పించే వాదన కావాలి. లేదా పరిమితి మీదే రాజ్యాంగ సవరణ కావాలి. ఇవన్నీ కష్టమైన పనులు. "షెడ్యూల్లో పెట్టించండి" అనేది మైకు ముందు చెప్పడానికి తేలికైన పని. బీసీ కుర్రాళ్లకు ఏది చెబుతున్నారో మీరే చూసుకోండి.

మీ వైపు నుంచి గట్టి మాట ఒకటుంది, దాన్ని దాటేసి పోలేను. ఎస్సీ వర్గీకరణ, అంటే ఎస్సీ కోటాను ఉపకులాల వారీగా పంచడం. 2000లో మన అసెంబ్లీ చట్టం చేసింది. హైకోర్టు సరేనంది. 2004 నవంబరు 5న సుప్రీంకోర్టులో అయిదుగురు కొట్టేశారు. 2024 ఆగస్టు 1న ఏడుగురిలో ఆరుగురు, ఆ పాత తీర్పు తప్పు అన్నారు. మధ్యలో ఇరవై ఏళ్లు. 2004లో ఒకటో తరగతిలో చేరిన మాదిగ పిల్లాడు డిగ్రీ దాటి, ఉద్యోగ పరీక్షలు రాసే వయసుకొచ్చాక కోర్టు తన తప్పు దిద్దుకుంది. ఆ పిల్లాడికి కోర్టు మీద గౌరవం ఉంచుకోమని చెప్పే ముఖం నాకు లేదు.

అయితే ఆ ఇరవై ఏళ్లలో దారి మూసుకుపోయిందా? లేదు. ఎస్సీ జాబితాలకు సంబంధించిన 341వ అధికరణాన్ని సవరించండి అని అసెంబ్లీ తీర్మానం చేసింది. 2007లో ఉషా మెహ్రా కమిషన్ వేశారు. తీర్పును దాటే చట్టబద్ధమైన అధికారం రాజ్యాంగాన్ని సవరించే 368వ అధికరణం రూపంలో పార్లమెంటు చేతిలో ఇరవై ఏళ్లూ ఉంది. ఢిల్లీలో రెండు పెద్ద పార్టీలూ మారిమారి పాలించాయి. ఎవరూ వాడలేదు. ఎందుకంటే దాన్ని వాడాలంటే ప్రతి ఎంపీ బయటపడి ఓటెయ్యాలి, ఎవరో ఒకరికి కోపం వస్తుంది. అంటే లేనిది అధికారం కాదు, ధైర్యం. ఇంకా తేలికైన అధికారం ఇస్తే ధైర్యం ఎక్కణ్నుంచి వస్తుంది?

కోర్టులు గీత దాటవా అంటే దాటతాయి. 2022 మార్చి 3న అమరావతి మీద ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన తీర్పులో ఆరు నెలల్లో రాజధాని నగరం కట్టమని ఉంది. ఆర్నెల్లలో మా వీధి కల్వర్టు పూర్తవదు. కోర్టు టౌన్ ప్లానర్ ఎప్పుడైందని సుప్రీంకోర్టే అడిగి, ఆ నవంబరులో గడువుల మీద స్టే ఇచ్చింది. అప్పీలుతోనే పనైంది. జడ్జీల నియామకం కోసం 2014లో పార్లమెంటు దాదాపు ఏకగ్రీవంగా తెచ్చిన 99వ సవరణను 2015లో కొట్టేయడం మీద కూడా నాకు ఇప్పటికీ సందేహాలున్నాయి. తనను ఎవరు ఎంచాలో తనే చెప్పుకోవడం ఎవరికైనా ఇబ్బందే.

కెనడాలో ఉంది కదా అంటారు కొందరు. ఉంది. అక్కడి హక్కుల చార్టర్లో 33వ సెక్షన్ ప్రకారం, కొన్ని హక్కులను పక్కన పెడుతున్నామని చట్టంలో బాహాటంగా ప్రకటించి సభ ముందుకు పోవచ్చు. అయిదేళ్లకు దానంతటదే రద్దవుతుంది, కావాలంటే మళ్లీ ఓటెయ్యాలి. ఓటు హక్కు జోలికి మాత్రం పోకూడదు. 2023లో ఇజ్రాయెల్లో 120 మంది సభలో 61 ఓట్లతో కోర్టును దాటొచ్చన్న ప్రతిపాదన వస్తే నెలల తరబడి జనం రోడ్ల మీదే ఉన్నారు. అక్కడివాళ్ల గొడవ అక్కడివాళ్లది. మన దగ్గర తేడా ఒకటే, అదీ మీకు బాగా తెలిసిందే: విప్, అంటే ఇలాగే ఓటెయ్యాలన్న పార్టీ ఆదేశం. 1985లో వచ్చిన పదో షెడ్యూల్ ప్రకారం విప్ ధిక్కరిస్తే మీ సభ్యత్వం పోవచ్చు. హైకోర్టు తీర్పును దాటే బిల్లు వస్తే, అది తప్పని మీకు అనిపించినా మీరు చెయ్యెత్తాల్సిందే. అప్పుడు దాన్ని "సభ నిర్ణయం" అని ఎలా అంటాం? పార్టీ ఆఫీసులో ఒకాయన గదిలో అయిపోయిన నిర్ణయానికి మీరు స్టాంపు వేస్తారు. నాకు స్టాంపుల సంగతి తెలుసు.

పాత సరుకుకి కొత్త అట్ట వేసే అలవాటు కూడా మానండి. ట్రిబ్యునల్ సభ్యులకు నాలుగేళ్ల పదవీకాలం, యాభై ఏళ్ల కనీస వయసు చెల్లవని 2021 జూలైలో సుప్రీంకోర్టు చెబితే, ఆగస్టులో పార్లమెంటు అవే నిబంధనలతో చట్టం చేసింది. 2025 నవంబరు 19న అవి మళ్లీ పోయాయి. నాలుగేళ్లపాటు లాయర్లు, గుమాస్తాలు అదే బండిల్ మోశారు. మా ఫీజు మాకొచ్చింది, కక్షిదారుకు ఏమొచ్చింది?

నేను అడిగేది చిన్నది. కోర్టు కొట్టేసిన చట్టాన్ని మళ్లీ తెచ్చే ప్రతి బిల్లుకూ ఒక పేజీ జతచేయండి. ఎలాగూ బిల్లుతో పాటు ఉద్దేశాలు, కారణాల ప్రకటన ఉంటుంది, దాని వెనక ఇంకో కాగితం. ఏ తీర్పు, ఏ తేదీ, ఏ పేరాలో ఏ లోపం చూపారు, ఈ బిల్లులో ఏ సెక్షన్ దాన్ని సరిచేసింది. తెలుగులో. సభ్యులకు కనీసం మూడు రోజుల ముందు. పొద్దున ప్రవేశపెట్టి మధ్యాహ్నం పాస్ చేయడం ఇలాంటి బిల్లుల వరకైనా ఆపండి. వీటికి విప్ ఇవ్వబోమని మీ పార్టీలు మాటివ్వాలి, దానికి ఏ చట్టమూ మార్చక్కర్లేదు. లోపం సరిచేశామని రాయడానికి ఆ పేజీలో ఏమీ దొరక్కపోతే, అప్పీలుకు వెళ్లండి. అప్పీలు ఓడిపోతే, అంత అన్యాయమనిపిస్తే, ఎంపీలు 368 కింద సవరణకు నోటీసు ఇవ్వండి. హైకోర్టుల అధికారాన్ని తాకే సవరణకైతే సగం రాష్ట్రాల అసెంబ్లీలు కూడా ఒప్పుకోవాలి. ఒప్పించండి. 1973లో ఒప్పించారుగా.

ఆ అటెండరు కేసులో ట్రిబ్యునల్ ఆర్డరు సర్టిఫైడ్ కాపీ, దాన్ని రద్దు చేసిన ఉత్తర్వు కార్బన్ కాపీ, రెండూ మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఆఫీసు ఖాళీ చేసినప్పుడు సీనియర్ గారి దగ్గర అడిగి తెచ్చుకున్నాను. మీలో ఎవరైనా చూడాలనుకుంటే పేరు కనపడకుండా కొట్టేసి జిరాక్స్ ఇస్తాను. ట్రిబ్యునల్ ఆర్డరు పదకొండు పేజీలు, ప్రతి వాదనకూ జవాబు ఉంటుంది. రద్దు ఉత్తర్వు ఒకటిన్నర పేజీ. కారణం ఉండాల్సిన చోట ఒకే ఒక్క లైను ఉంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్లీడరు గుమాస్తా